బాస్కెట్‌బాల్ కోర్టు నుంచి న్యూస్ డెస్క్ దాకా



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి పాప వాళ్ల నాన్నగారు నన్ను ఒక ప్రశ్న అడిగారు. "మేడమ్, మా అమ్మాయి బాస్కెట్‌బాల్ మానేస్తే చదువుకి రోజూ ఇంకో గంట దొరుకుతుంది కదా? ఆటలతో రేపు ఉద్యోగం వస్తుందా?" వెనక ఇంకా చాలామంది వెయిట్ చేస్తున్నారు. "టెన్త్ అయ్యేదాకా ఆపేద్దాం సార్" అనేశాను. పక్కనే ఉన్న పాప తల వంచుకుంది.

అది ఆలోచించి ఇచ్చిన జవాబు కాదు. ఆలోచించాక నాకు గుర్తొచ్చిన పేరు రాబిన్ రాబర్ట్స్. అమెరికాలో ఏబీసీ ఛానల్‌లో పొద్దున్నే వచ్చే 'గుడ్ మార్నింగ్ అమెరికా' కార్యక్రమానికి 2005 నుంచి ఆమె ముఖ్య యాంకర్లలో ఒకరు. ఆమె ఆ కుర్చీ దాకా వచ్చిన దారి మనం తెలుసుకోదగ్గది.

ఆట, చదువు పక్కపక్కనే

రాబిన్ 1960లో పుట్టారు. మిసిసిపీ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉన్న పాస్ క్రిస్టియన్ అనే చిన్న ఊళ్లో పెరిగారు. నాన్న వైమానిక దళంలో కల్నల్. అమ్మ ఆ రాష్ట్ర విద్యా మండలికి అధ్యక్షురాలిగా పనిచేశారు. సౌత్ ఈస్టర్న్ లూసియానా యూనివర్సిటీలో టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద చేరిన రాబిన్, అక్కడ బాస్కెట్‌బాల్‌లో 1,446 పాయింట్లు సాధించారు. చదువునూ వదల్లేదు. 1983లో కమ్యూనికేషన్ డిగ్రీని మంచి మార్కులతో పూర్తి చేశారు. కాలేజీలో ఉండగానే స్థానిక రేడియోలో స్పోర్ట్స్ వార్తలు చెప్పేవారు.

మరి ఆటే ఉద్యోగం ఇచ్చిందా? లేదు. అమెరికాలో మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ 1981లోనే మూతపడింది. ఇప్పుడున్న డబ్ల్యూఎన్‌బీఏ 1997లో గానీ మొదలు కాలేదు. అంటే ఆమె డిగ్రీ చేతికొచ్చేసరికి ఆ దేశంలో ఆడదామంటే లీగే లేదు. ఆట తెలుసు, మాట్లాడడం తెలుసు. ఆ రెండూ కలిసే చోటుకి, అంటే స్పోర్ట్స్ జర్నలిజంలోకి వెళ్లారు.

మెట్టు మెట్టుగా

మొదటి టీవీ ఉద్యోగం హ్యాటీస్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో, అదీ స్పోర్ట్స్ డెస్క్‌లో. తర్వాత బిలాక్సీ, నాష్‌విల్, అట్లాంటా. ఒక్కో ఊరూ ముందుదానికంటే పెద్దది. 1990లో స్పోర్ట్స్ ఛానల్ ఈఎస్‌పీఎన్‌లో చేరి 15 ఏళ్లు ఉన్నారు. 1995 నుంచి 'గుడ్ మార్నింగ్ అమెరికా'కు కూడా రిపోర్ట్ చేస్తూ, 2002లో అక్కడ న్యూస్ యాంకర్, 2005లో కో-యాంకర్ అయ్యారు. డిగ్రీ నుంచి ఆ కుర్చీ దాకా 22 ఏళ్లు పట్టింది. మన పిల్లల నుంచి రిజల్ట్ రెండేళ్లలో రావాలనుకునే మనం ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

స్పోర్ట్స్ నుంచి న్యూస్‌కి ఏం పనికొచ్చింది?

లైవ్ మ్యాచ్‌కి ముందే రాసిపెట్టుకున్న స్క్రిప్ట్ ఉండదు. స్కోరు నిమిషానికోసారి మారుతుంది. చెవిలో ప్రొడ్యూసర్ చెప్పేది వింటూ, కళ్లతో ఆట చూస్తూ, నోటితో స్పష్టంగా చెప్పాలి. బ్రేకింగ్ న్యూస్ వచ్చినప్పుడు న్యూస్ యాంకర్ చేసే పనీ ఇదే. ఓడి బయటికొచ్చిన ఆటగాడిని నొప్పించకుండా ప్రశ్న అడగడం తెలిసిన మనిషికి, కష్టంలో ఉన్న కుటుంబంతో మాట్లాడడం కూడా తెలుస్తుంది.

2005 ఆగస్టులో కత్రినా తుఫాను ఆమె పెరిగిన తీరాన్నే తుడిచిపెట్టింది. ఇంటివాళ్లు క్షేమమని తెలుసుకున్న తర్వాత అక్కడి నుంచే లైవ్ రిపోర్ట్ ఇచ్చారు. కుటుంబం గురించి అడగ్గానే కెమెరా ముందే ఏడ్చేశారు. అయినా మాట పూర్తి చేశారు.

2007లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 2012లో ఎముక మజ్జకు సంబంధించిన జబ్బు బయటపడింది. అక్క శాలీ-ఆన్ మజ్జ దానం చేశారు. 2013 ఫిబ్రవరిలో రాబిన్ మళ్లీ స్టూడియోకి వచ్చారు. అదే ఏడాది ఈఎస్‌పీఎన్ ఆమెను ఆర్థర్ ఆష్ కరేజ్ అవార్డుతో గౌరవించింది.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• క్రికెట్ మ్యాచ్ వస్తున్నప్పుడు టీవీ సౌండ్ తీసేసి, రెండు ఓవర్లు పిల్లలతో కామెంటరీ చెప్పించండి. ఒక ఓవర్ తెలుగులో, ఒకటి ఇంగ్లిష్‌లో. తప్పులు మధ్యలో దిద్దకండి.

• ఆడి ఇంటికి రాగానే "గెలిచారా?" అని కాకుండా "ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు" అనండి. వరసగా చెప్పడం అలవాటైన పిల్లలకు ఇంగ్లిష్ పేపర్‌లో రిపోర్ట్ రైటింగ్ కూడా సులువవుతుంది.

• మార్కులు తగ్గితే ముందుగా ఆట మీద వేటు వేయకండి. ఫోన్, టీవీ, నిద్ర వేళలు రాసి చూడండి. గంట ఎక్కడ పోతోందో అక్కడే తెలియొచ్చు.

ఆటలాడితే ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. రాబిన్‌కి కూడా ఆట ఒక్కటే సరిపోలేదు. పక్కనే చదువుంది, ఓపిక ఉంది. కానీ తొమ్మిదో తరగతిలో ఎవరైనా ఆమె చేత బంతి కింద పెట్టించి ఉంటే ఆ దారి మొదలయ్యేదే కాదు.

ఆ పాప నాన్నగారు ఈ పేజీ చదువుతుంటే ఒక మాట. సార్, ఆ రోజు నేను తొందరపడ్డాను. వచ్చే మీటింగ్‌కి అమ్మాయి టైమ్‌టేబుల్ తీసుకురండి. బాస్కెట్‌బాల్‌ని కదపకుండా చదువుకి ఇంకో గంట ఎక్కడ దొరుకుతుందో పాపని కూడా కూర్చోబెట్టుకుని చూద్దాం.