వెలుతురుకు నాడి చూడటం

గాజులో మలినాలు లేకుంటే వెలుతురు దానిలో ఎంతో దూరం పోగలదని 1966లో చార్లెస్ కావో అన్నాడు. 2009లో నోబెల్ బహుమానం అందుకున్నాడు. ఆ గాజుతీగే నేడు మన ఇళ్ళకు ఇంటర్నెట్టు తెస్తున్నది. అది మొరాయిస్తే మాత్రం మనం పాపం రౌటరును తిడతాం!

మొన్న విద్యార్థివేతనాల దరఖాస్తులకు రెండు రోజులే గడువుండగా మా కళాశాలలో అదే జరిగింది. వచ్చిన కుర్రవాడు లాప్‌టాప్ తగిలించి, "వెలుతురెంత వస్తోందో చూద్దాం మాస్టారూ" అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకునే నేను ఆగలేక పక్కనే కుర్చీ వేసుకున్నాను.

తీగ చివర రౌటరులో దూర్చే బొటనవేలంత పరికరమే పంపే కాంతినీ, అందే కాంతినీ, తన ఒంటివేడినీ కొలిచి చెబుతుందట. కొలత పేరు డీబీఎం. ఒక మిల్లీవాటు వెలుతురుకు సున్న. మూడేసి తగ్గినప్పుడల్లా వెలుతురు సగం. ఇళ్ళకు వచ్చే తీగల్లో మైనస్ 27, అంటే మిల్లీవాటులో 500వ వంతు, ఉన్నా పని సాగుతుంది! మాదీ ఆ తరహా కనెక్షనే. అంకె మైనస్ 29. ఒంటివేడి సరే, పంపే కాంతి సరే; కనుక జబ్బు దారిలోనే.

తీగ కొన చూడబోతే నన్ను వారించాడు: ఆ వెలుతురు కంటికి కనపడదు, కంటిని మాత్రం చెరుస్తుంది. అది నడిచే దారి 9 మైక్రాన్లే, వెంట్రుకకన్నా సన్నం. అడ్డుపడటానికి ధూళికణం చాలు. కొన తుడిస్తే అంకె కొంచెమే మారింది. అసలు దొంగ బీరువా వెనక దొరికింది. ఎవరో బీరువాను గోడకు జరిపినప్పుడు తీగ మడతపడింది. ఆ మడతలో వెలుతురు కారిపోతున్నది. సాపు చేయగానే మైనస్ 21!

మీ ఇంటి పెట్టెమీద ఎల్.ఓ.ఎస్. అన్నచోట ఎర్రదీపం వెలిగితే వెలుతురు అందడం లేదన్నమాట. ఫోను చేసేముందు ఆ తీగమీద ఏ బియ్యం బస్తా కూర్చున్నదో చూడండి.