వాన వెలిసిన సాయంత్రం

అది 1885 వేసవి. స్వీడన్‌లో కార్ల్ బోబెర్గ్ అనే యువ బోధకుడు ఆరాధన ముగించుకొని మిత్రులతో కలిసి ఇంటికి నడిచి వెళుతున్నాడు. అకస్మాత్తుగా ఉరుములు, మెరుపులు, జడివాన! అందరూ తలదాచుకున్నారు. కాసేపటికి వాన వెలిసింది, ఇంద్రధనుస్సు విరిసింది. ఇల్లు చేరి కిటికీ తెరిస్తే ఎదుట సముద్రపు పాయ అద్దంలా నిశ్చలంగా ఉంది. ఒకవైపు పక్షుల పాటలు, మరోవైపు ఎవరి భూస్థాపనకో మోగుతున్న చర్చి గంటలు! ఆ అనుభవం నుంచి అతడు రాసిన స్తుతిగీతమే నేడు ప్రపంచమంతా పాడుకుంటున్న 'హౌ గ్రేట్ దౌ ఆర్ట్'కు మూలం.

ప్రియులారా, ఇంద్రధనుస్సును చూసి దేవుణ్ణి స్తుతించడం సులువే. ఆకాశాలు దేవుని మహిమను చాటుతున్నాయని పాడిన దావీదు, గాఢాంధకారపు లోయలోనూ ఆయన తోడును రుచి చూశాడు. మన ఇంటిముందు చావుగంట మోగిన రోజున కూడా మన నోట స్తుతి ఉంటుందా?