సముద్రం కింది వెలుగు, దిండు పక్కన వెలుగు

డిసెంబరు నెలలో లంబాలైన్‌లో సాయంత్రం ఐదు గంటలకే పొద్దు గుంకుతుంది. జూన్‌లోనైతే ఉదయం ఐదు కొట్టేసరికి సూర్యుడు వచ్చేస్తాడు. అండమాన్ రాజధానిలో విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న పేట ఇది. ఊరి పేరు 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ నుంచి శ్రీవిజయపురంగా మారింది గానీ గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. శ్రీవిజయపురం దాదాపు 92.7 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు కాకినాడ సూర్యుడి కంటే సుమారు 40 నిమిషాలు ముందు నడుస్తాడు.

నిద్ర విషయంలో ఈ 40 నిమిషాలు చిన్న సంగతి కాదు. ఆర్థికవేత్త మౌలిక్ జగ్నాని భారతీయ పిల్లల దినచర్య లెక్కలు పరిశీలించి, పొద్దు గుంకడం ఒక గంట ఆలస్యమయ్యే చోట పిల్లల నిద్ర సుమారు అరగంట తగ్గుతోందని చూపించాడు. చీకటి ఆలస్యంగా పడే పడమటి ప్రాంతాల్లో పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు. బడి గంట మాత్రం వాళ్లకోసం ఆగదు. అదే లెక్క తిరగేసి చూస్తే, దేశంలో ముందుగా చీకటి పడే ఊళ్లలో ఒకటైన లంబాలైన్‌లో పుట్టిన పిల్లకు తొందరగా నిద్రపోయే అవకాశం సూర్యుడే ఇస్తున్నాడు. ఆ అవకాశానికి ఇవాళ ఏమవుతోందో అర్థం కావాలంటే ఒక తీగ జీవిత కథ తెలియాలి.

ఆ తీగ రాకముందు అండమాన్ నికోబార్ దీవులకు ఇంటర్నెట్ ఆకాశం నుంచి వచ్చేది. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా మాట వెళ్లాలి, అక్కడి నుంచి దిగాలి, జవాబు కూడా అదే దారిన రావాలి. ఒక్క ప్రశ్నకు జవాబు అందేసరికి అర సెకను పోయేది. ఆలస్యం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ఉపగ్రహం మోయగలిగే సమాచారమే తక్కువ. ఒక్క కుళాయి దగ్గర ఊరంతా బిందెలతో నిలబడ్డట్టు, దీవుల జనమంతా ఆ కాస్త దారినే పంచుకోవలసి వచ్చేది. దరఖాస్తు నింపాలన్నా, పరీక్షా ఫలితాలు చూడాలన్నా ఓపిక ఉండాలి. రాత్రి రెండింటిదాకా వీడియోలు చూసే అవకాశమే చాలామందికి లేదు.

సముద్రం కింద తీగ వేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 జులైలో సిఫారసు చేసింది. 2016 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 2018 డిసెంబరు 30న పోర్ట్‌బ్లెయిర్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. బీఎస్‌ఎన్‌ఎల్ పని చేయించింది, జపాన్ సంస్థ ఎన్‌ఈసీ తీగ తయారుచేసి వేసింది. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు, మొత్తం సుమారు 2,300 కిలోమీటర్లు. ఖర్చు దాదాపు 1,224 కోట్ల రూపాయలు. 2020 ఆగస్టు 10న తీగ ప్రారంభమైంది. చెన్నై, పోర్ట్‌బ్లెయిర్‌ల మధ్య దాని సామర్థ్యం సెకనుకు నాలుగువందల గిగాబిట్లు.

ఈ తీగను అడ్డంగా కోసి చూస్తే మనిషి తెలివికి చేయెత్తి మొక్కాలనిపిస్తుంది. లోతు సముద్రంలో పడుకునే తీగ మందం బొటనవేలంతే. పైన గట్టి పాలిథీన్ తొడుగు, దాని కింద రాగి గొట్టం, లోపల ఉక్కు తీగల కవచం, అన్నిటికంటే నడుమ కొన్ని గాజు పోగులు. ఒక్కో పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులోనూ వెలుగు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లకు మించదు. మిగతాదాంట్లో చాలా భాగం ఆ సన్నని గాజును కాపాడటానికే. ఒడ్డు దగ్గర లంగర్లు, వలలు తగిలే చోట ఇంకా మందమైన ఉక్కు కవచం తొడుగుతారు, సముద్రగర్భంలో పూడుస్తారు. లోతుకు పోయేకొద్దీ అపాయం తక్కువ గనక తీగ సన్నబడుతుంది.

వెలుగును గాజులో వంచి నడపవచ్చని పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1950ల్లో లండన్‌లో ప్రయోగాలు చేసి చూపించాడు. అప్పటి గాజులో వెలుగు కొద్ది మీటర్లు పోయేసరికే ఆరిపోయేది. దోషం గాజుది కాదు, గాజులో ఉన్న మలినాలది అని 1966లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న చార్లెస్ కావ్ లెక్క కట్టి చెప్పాడు. కిలోమీటరు పోయాక నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా చాలు, ఫోను మాటలు పంపవచ్చన్నాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ ఆ గీత దాటింది. ఇవాళ్టి గాజు కిలోమీటరు పోయాక నూటికి 95 వంతులు వెలుగును మిగుల్చుతుంది. కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది, కపానీకి రాలేదు. రావలసింది.

ఎంత మంచి గాజైనా వందల కిలోమీటర్లు పోతే వెలుగు నీరసపడుతుంది. అందుకే పదుల కిలోమీటర్లకోసారి తీగలో ఒక ప్రవర్ధకం ఉంటుంది. ఎర్బియం అనే మూలకం కలిపిన గాజు అది. 1987లో బ్రిటన్‌లో డేవిడ్ పేన్ బృందం చేసిన ఆవిష్కరణ. నీరసించిన వెలుగు దానిలోంచి పోతే మళ్లీ బలం పుంజుకుంటుంది. దానికి కావలసిన విద్యుత్తు ఒడ్డు నుంచే రాగి గొట్టం మోసుకెళ్తుంది. అలా చెన్నై నుంచి సెకనులో నూరో వంతులోపే మాట దీవులకు చేరుతుంది.

ఈ ప్రయాణమంతా చేసే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 1,550 నానోమీటర్లు. మన కంటికి కనబడని పరారుణం. గాజులో అతి తక్కువ నష్టంతో నడిచేది అదే. ఒడ్డుకు చేరి, విద్యుత్తుగా మారి, టవరెక్కి, రేడియో తరంగమై ఫోనులోకి దిగి, చివరకు అద్దం మీద మళ్లీ వెలుగవుతుంది. ఈసారి కంటికి కనబడే వెలుగు. అందులో 450 నానోమీటర్ల దగ్గర నీలం పాలు ఎక్కువ.

ఆ నీలానికీ ఒక చరిత్ర ఉంది. ఎరుపు, ఆకుపచ్చ వెలుగునిచ్చే డయోడ్లు (ఎల్‌ఈడీలు) ముందే వచ్చినా నీలం డయోడ్ దశాబ్దాలపాటు ఎవరికీ చిక్కలేదు. జపాన్‌లో ఇసాము అకసాకి, హిరోషి అమానో నీలం వెలుగుకు కావలసిన గాలియం నైట్రైడ్ అనే పదార్థాన్ని మేలైన స్ఫటికంగా పెంచారు. నిచియా కంపెనీలో షూజి నకమురా 1993లో మిరుమిట్లు గొలిపే నీలం డయోడ్ చేశాడు. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. నీలం మీద పసుపు పూత పూస్తే తెల్లని వెలుగు వస్తుంది. ఇంటి దీపాలు, టీవీలు, ఫోన్ల తెరలు సన్నగా, చవకగా మారడానికి మూలం ఈ నీలమే.

కన్ను వెలుగును చూపుకోసమే వాడుకుంటుందని చాలాకాలం అనుకున్నాం. 1998లో ఇగ్నేషియో ప్రొవెన్సియో కప్ప చర్మంలో మెలనాప్సిన్ అనే కొత్త కాంతిగ్రాహిని కనుగొన్నాడు. 2002లో డేవిడ్ బెర్సన్ ఎలుకల రెటీనాలో స్వయంగా వెలుగును పసిగట్టే కొన్ని నాడీకణాలను చూపించాడు. మన కంట్లోనూ అవి ఉన్నాయి. అవి బొమ్మను చూడవు. బయట పగలా, రాత్రా అన్న సంగతి మెదడులోని జీవగడియారానికి చెబుతాయి. వాటికి ఎక్కువగా తగిలేది నీలి వెలుగు. అది తగిలినంతసేపూ, చీకటి పడగానే ఊరవలసిన నిద్ర హార్మోను మెలటోనిన్ తగ్గుతుంది. పన్నెండు మందిని బోస్టన్‌లో ఒక ప్రయోగశాలలో ఉంచి, ఐదేసి రాత్రులు, పడుకునేముందు నాలుగేసి గంటలపాటు తెర మీదా, కాగితం మీదా చదివించారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో తెర మీద చదివినప్పుడు మెలటోనిన్ ఊరే వేళ గంటన్నర వెనక్కి జరిగింది.

ఈ సంగతి పత్రికల్లోకెక్కి, నీలి వెలుగు ఆపే కళ్లద్దాలు, తెరను పసుపుగా మార్చే సెట్టింగులు వచ్చాయి. ఇక్కడ నాకొక గట్టి అభ్యంతరం ఉంది. అదే బోస్టన్ ప్రయోగంలో నిద్ర పట్టడం ఆలస్యమైంది సుమారు పది నిమిషాలే. 2021లో అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు 167 మంది యువతీయువకుల మీద జరిపిన పరిశీలనలో, తెరను రాత్రిపూట పసుపుగా మార్చుకున్నా నిద్రలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి నీలాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం సరికాదు. పది నిమిషాలు పోయింది వెలుగువల్ల. మిగతా నిద్ర పోయింది చేతిలోంచి ఫోను దిగకపోవడంవల్ల.

దిగకపోవడానికి కారణం కూడా ఒక ఆవిష్కరణే. పూర్వం వెబ్ పేజీకి అడుగు ఉండేది. అక్కడికొచ్చాక తరవాతి పేజీ కావాలా వద్దా అని మనిషి ఆలోచించేవాడు. 2006లో అజా రస్కిన్ అనే రూపకర్త అడుగే లేని పేజీని తయారుచేశాడు. వేలు పైకి జరిపినకొద్దీ కొత్తది వస్తూనే ఉంటుంది. ఆ పనికి తరవాత అతనే బాహాటంగా బాధపడ్డాడు. ఒక వీడియో అయిపోగానే అడగకుండానే మరొకటి మొదలుకావడం దానికి తోడైంది. ఆపుకోవలసిన చోటు ఎక్కడా కనబడదు. పెద్దవాళ్లకే కష్టమైన నిగ్రహాన్ని పద్నాలుగేళ్ల పిల్లల నుంచి ఆశించి, వాళ్లు ఓడిపోయినప్పుడు తిట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

పైగా ఆ వయసులో శరీరమే ఆలస్యం చేస్తుంది. యుక్తవయసు వస్తుండగా జీవగడియారం వెనక్కి జరుగుతుందని, సాయంత్రం మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుందని మేరీ కార్‌స్కడాన్ దశాబ్దాల పరిశోధన చెబుతోంది. పదిన్నరకు కూడా నిద్ర రావడం లేదని పిల్లవాడు అంటే అది అబద్ధం కానక్కర్లేదు. నిద్ర రాని ఆ గంటలోకే ఫోను వచ్చి కూర్చుంటుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య అకాడమీ 2016లో తేల్చింది. పన్నెండున్నరకు పడుకుని ఆరింటికి లేచే పిల్ల వారం తిరిగేసరికి కనీసం పదిహేడున్నర గంటలు బాకీ పడుతుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది రాత్రి నిద్రలోనే. ఆ బాకీ ముందుగా పడేది చదువు మీద, కోపతాపాల మీద.

తీగ ప్రారంభమైన కాలాన్నీ గుర్తుంచుకోవాలి. 2020 ఆగస్టు అంటే కొవిడ్ రోజులు. బడులు మూతపడి, పాఠాలు ఫోన్లలో నడిచాయి. ఫోను ఇవ్వనన్న తల్లిదండ్రులే ఫోను కొనిపెట్టవలసి వచ్చింది. బడులు తెరిచారు, ఫోన్లు ఉండిపోయాయి. ఇది మనవాళ్ల ఇళ్ల సంగతి కూడా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. తెలుగు మాధ్యమంలో చెప్పే ప్రభుత్వ బడులూ ఉన్నాయి. శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మ ముఖం లంబాలైన్ మనవరాలికి రోజూ కనబడుతున్నదంటే ఆ తీగ పుణ్యమే. దాన్ని తప్పుపట్టే ఆలోచన నాకు లేదు. నా మాట దాని చివరి రెండు మీటర్ల గురించే: గుమ్మం నుంచి మంచం దాకా ఉన్న దూరం.

ఆ దూరం దాటనివ్వకండి. ఇంటిల్లిపాది ఫోన్లకూ ఛార్జర్లు హాల్లోనే పెట్టండి. అమ్మానాన్నల ఫోన్లు కూడా అక్కడే పడుకోవాలి, లేకపోతే పిల్లలు వినరు, వినకపోవడం న్యాయం కూడా. అలారం కోసమే ఫోను కావాలంటే చిన్న గడియారం కొనివ్వండి. ఇంకొకటి, జీవగడియారాన్ని ముందుకు జరిపే మందు ఉదయపు వెలుతురు. అది లంబాలైన్‌కు దేశంలో చాలామందికంటే ముందు, ఉచితంగా వస్తుంది. లేచిన వెంటనే పిల్లలను అరగంట ఆరుబయట తిరగనిస్తే, రాత్రి నిద్ర తొందరగా పడుతుంది. ఇంత చేసినా ఫోను వదలలేక చదువు, తిండి, నిద్ర దెబ్బతింటున్న పిల్లలుంటే దాన్ని మొండితనం అనుకోకండి. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఇలాంటి ఇబ్బందికోసం 2014 నుంచి ‘షట్’ క్లినిక్ నడుస్తోంది. అంతదూరం పోలేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవకు ఫోను చేయండి. నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.