మాంసం ముట్టని పాప, అడుగున మిగిలిన పప్పు

మా బంధువుల ఇంట ఐదేళ్ల పాప ఒకతె మాంసం ముట్టదు. గత బక్రీదు నాడు మేము వెళ్లేసరికి అందరూ దస్తర్‌ఖాన్ చుట్టూ భోంచేస్తున్నారు; ఆ బిడ్డ మాత్రం కన్నీళ్లతో కూర్చుని ఉంది. "ఒక్క ముక్కయినా తినకుంటే ఒంట్లో బలమెక్కడిది బేటీ?" అని దాదీ బతిమాలుతున్నారు. తల్లి కసురుకుంటోంది. ఇద్దరిదీ ప్రేమే. అయినా ఆ పూట పాప పస్తు పడుకుంది.

దాదీ భయం నిరాధారం కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 4 నుండి 6 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 16 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 7 నుండి 9 ఏళ్లవారికి 23. ఆ పేరు వల్లనే కాబోలు, అవి మాంసంలో తప్ప దొరకవని మనలో చాలామంది భావిస్తారు.

మరునాడు పాప కంచం పరిశీలించాము. గిన్నెడు అన్నం మీద పప్పుపై తేట పోసి కలిపారు. పప్పు అడుగునే ఉండిపోయింది. లోపమంతా అక్కడే ఉన్నది. 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నా, ఆ తేటలో బిడ్డకు దక్కేది స్వల్పం.

మన ఇళ్లలో ఉదయం వండే మసూర్ ఖిచిడీని మించిన ఉపాయం మాకు తోచదు. బియ్యంలో కొరవడే లైసిన్‌ను పప్పు ఇస్తుంది. పప్పులో తక్కువైన మిథియోనిన్‌ను బియ్యం సమకూరుస్తుంది. రోజు మొత్తంలో 60 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు కడుపులో పడితే సుమారు 11 గ్రాములు. 200 మిల్లీలీటర్ల పాలు మరో 6 గ్రాములిస్తాయి. ఖట్టాలోని నువ్వులు, రొట్టెలోకి పల్లీల పొడి అదనం. శాకాహారపు మాంసకృత్తులు కొంత తక్కువగా జీర్ణమవుతాయి గనుక ఆ అదనం వృథా పోదు.

అయితే కడుపు నిండాలి. తిండి చాలనప్పుడు శరీరం మాంసకృత్తులనే ఇంధనంగా ఖర్చు చేసుకుంటుంది. ఏడిపించి పస్తు పడుకోబెట్టడం వల్ల నష్టం రెండింతలన్నమాట.

భోజనంతో చాయ్ ఇవ్వకండి. అది ఆహారంలోని ఇనుమును ఒంటబట్టనివ్వదు. నిమ్మరసం, జామపండు అందుకు సాయపడతాయి. బి12 విటమిన్ పప్పుల్లో ఉండదు, పాలు, గుడ్లలో ఉంటుంది. ఆ రెండూ తీసుకోని పిల్లల విషయంలో వైద్యుణ్ణి సంప్రదించక తప్పదు.

ఇప్పుడు ఆ ఇంట దాదీయే గరిటెతో గిన్నె అడుగు నుండి పప్పు కలిపి వడ్డిస్తున్నారు. ఒక్క ముక్క తినమని ఇంకా అడుగుతూనే ఉన్నారు. పాప వద్దంటూనే ఉంది.