అడిగిందొకటి, ఇచ్చిందొకటి

1976 సెప్టెంబర్ 4, శనివారం. బీబీసీలో ‘ది టూ రోనీస్’ వస్తోంది. తెరమీద పాతకాలపు హార్డ్‌వేర్ షాపు. కౌంటర్ వెనక పొట్టి మనిషి రోనీ కార్బెట్. సరుకులకని వచ్చిన బొద్దు మనిషి రోనీ బార్కర్. చూడగానే కూలిపని చేసుకునేవాడని తెలుస్తుంది. చేతిలో చీటీ ఉంది. మొదటి సరుకు అడుగుతాడు. ‘ఫోర్ క్యాండిల్స్’ అన్నట్టు వినిపిస్తుంది. కార్బెట్ నాలుగు కొవ్వొత్తులు తెచ్చి పెడతాడు. బార్కర్ వాటిని చూసి ఇవి కాదంటాడు. నాలుగే కదా అడిగావు, ఇవిగో నాలుగు అంటాడు షాపాయన. కాసేపటికి తేలేదేమిటంటే, అతనికి కావలసింది ఫోర్క్ హ్యాండిల్స్. తోటపనిలో వాడే ముళ్లపారకు బిగించే కర్ర పిడులు.

ఈ తిరకాసును ఇంగ్లీషు లిపిలో రాస్తే సగం పోతుంది. మన లిపిలో రాస్తే ఉన్నదున్నట్టు కనబడుతుంది. లండన్ శ్రామిక జనం మాటలో ముందున్న హెచ్ ఎగిరిపోతుంది, హ్యాండిల్ కాస్తా యాండిల్ అవుతుంది. ఫోర్‌లోనూ ఫోర్క్‌లోనూ ఉన్న ఆర్‌ను దక్షిణ ఇంగ్లండ్‌లో దాదాపు ఎవరూ పలకరు. అన్నీ రాలిపోగా మిగిలింది ‘ఫోక్యాండిల్జ్’. మధ్యలో ఉన్న ఆ ‘క’ను ముందుమాటకు అతికించాలా, వెనకమాటకు అతికించాలా అన్నది చెవికి వదిలేసిన పని. కార్బెట్ చెవి వెనకమాటకు అతికించింది. అంతే.

అక్కడితో ఆగిపోతే అది బస్టాండు పుస్తకాల్లో దొరికే జోకు. బార్కర్ ఆపలేదు. తర్వాత ప్లగ్గులు. ఈసారి కార్బెట్ జాగ్రత్తపడి ముందే అడుగుతాడు, ఎలాంటివని. రబ్బరువి, బాత్రూముకు అంటాడు బార్కర్. టబ్బులో నీళ్లు ఆపే రబ్బరు బిరడాల డబ్బా వస్తుంది. ఏ సైజు అంటే, పదమూడు ఆంపులు! ఆయనకు కావలసింది కరెంటు ప్లగ్గు. ఆ తర్వాత ‘ఓజ్’. హెచ్ మింగేసే మనిషి కాబట్టి కార్బెట్ తనే హెచ్ తగిలించుకుని దొడ్లో తవ్వుకునే హో తెస్తాడు. అది కాదు. నీళ్లు పట్టే గొట్టం, అంటే హోస్ తెస్తాడు. అదీ కాదు. ఆడవాళ్లు కాళ్లకు తొడుక్కునే పాంటీహోస్ తెస్తాడు. చివరికి తేలేది, గేటు మీద ఇంటి పేరుకు అతికించుకునే ‘ఓ’ అక్షరాలు. ఆ డబ్బా పైఅరలో ఉంది. నిచ్చెనెక్కి దించి, ఇచ్చి, మళ్లీ ఎక్కి పెట్టి దిగగానే బార్కర్ ‘పీజ్’ అంటాడు. డబ్బా కింద ఉన్నప్పుడే ఏడవకూడదా అని తిట్టుకుంటూ కార్బెట్ మళ్లీ నిచ్చెనెక్కి ‘పీ’ అక్షరాలు దించుతాడు. కావలసినవి బఠాణీల డబ్బాలు.

నాకు ఈ స్కెచ్‌లో అన్నిటికన్నా నచ్చేది ఆ నిచ్చెన. మాట తప్పు వినబడిన ప్రతిసారీ ఒక మనిషి ఒళ్లు హూనమవుతోంది. శ్లేష మనకు కొత్తేం కాదు. ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ నడిపించిన ‘రాఘవపాండవీయం’ పింగళి సూరన రాశాడు. అక్కడ మనం కవి పాండిత్యానికి చప్పట్లు కొడతాం. హార్డ్‌వేర్ షాపులో మాత్రం శ్లేష చేస్తున్నానన్న సంగతి శ్లేష చేస్తున్నవాడికే తెలీదు. బార్కర్ పాత్ర ఎవర్నీ నవ్వించడానికి రాలేదు, చీటీలో రాసుకున్న సరుకుల కోసం వచ్చింది. కార్బెట్ కూడా వెర్రివాడు కాదు, విన్నదానికి తగ్గ వస్తువే తెస్తున్నాడు. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరి మధ్యా భాషే పేచీకోరు. ఎవరి తప్పూ లేని గొడవ కాబట్టి ఎవరి పక్షమూ తీసుకోకుండా నవ్వుకోవచ్చు. పైగా అందులో ఆనాటి మంత్రి పేరు లేదు, ఆ ఏటి కుంభకోణం లేదు. వాడిపోవడానికి ఏమీ లేదు.

ఈ స్కెచ్ రాసింది జెరాల్డ్ వైలీ. అలాంటి మనిషి లేడు. 1960ల చివర ‘ఫ్రాస్ట్ ఆన్ సండే’ అనే కార్యక్రమానికి ఆ పేరుతో స్కెచ్‌లు రావడం మొదలైంది. బాగుండటంతో తీసుకోసాగారు. ఎవరీ వైలీ అని అందరికీ కుతూహలం. నాటకకర్త టామ్ స్టాపార్డ్ మారుపేరేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. చివరికి బృందాన్నంతా చైనీస్ రెస్టారెంట్లో భోజనానికి పిలిచి, బార్కర్ లేచి నిలబడి నేనే వైలీని అన్నాడు. ముందు నమ్మలేదట. నటుడు రాశాడు కదా అని మొహమాటపడి తీసుకోకుండా, రాతను రాతగా తూచాలని ఆయన పట్టుదల. కొవ్వొత్తుల ఊహ మాత్రం హేజ్ అనే ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టు నడిపేవాళ్లు పంపిన ఉత్తరం నుంచి వచ్చింది. వాళ్ల కొట్లో నిజంగానే అలాంటి తికమక జరిగిందట. బార్కర్ చేత్తో రాసిన ఆ స్క్రిప్టు 2007లో వేలానికొస్తే 48,500 పౌండ్లు పలికింది. 2005లో బార్కర్ పోయాక, మరుసటేడు మార్చిలో లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సంస్మరణ సభ జరిగింది. ఊరేగింపులో మామూలుగా రెండు కొవ్వొత్తులు పట్టుకెళ్లే చోట నాలుగు పట్టుకెళ్లారు. 2016లో కార్బెట్ అంత్యక్రియల్లోనూ పీఠం వెనక నాలుగు పెట్టారు. ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

బ్రిటిష్ హాస్యానికి ఇంత మాటల పిచ్చి ఎందుకంటే, నా లెక్కలో కారణాలు రెండు. ఒకటి రేడియో. టీవీ ఇంటింటికీ రాకముందు ఆ దేశం చెవులతో నవ్వడం నేర్చుకుంది. 1951 నుంచి 1960 దాకా నడిచిన ‘ది గూన్ షో’ విని పెరిగిన కుర్రాళ్లే తర్వాత టీవీలో కామెడీ రాశారు. ఆ గూన్ షో ప్రధాన రచయిత స్పైక్ మిలిగన్ పుట్టింది మన దేశంలోనే, అహ్మద్‌నగర్‌లో. రెండోది కట్టడి. 1940ల చివర బీబీసీ తన హాస్య కార్యక్రమాల వాళ్లకు ఒక నియమావళి తయారుచేసింది. మరుగుదొడ్లు, హనీమూన్ జంటలు, కుందేళ్ల సంతానం, ఆడవాళ్ల లోదుస్తులు, వీటిమీద జోకులు కూడవంది. లోదుస్తుల జోకుకు అది ఇచ్చిన ఉదాహరణ ‘వింటర్ డ్రాస్ ఆన్’. చలికాలం దగ్గరపడుతోంది అని అర్థం. కానీ ఆర్ పలకని నోట్లో ‘డ్రాస్’కూ ‘డ్రాయర్స్’కూ తేడా ఉండదు. ఆ డ్రాయర్ మన డ్రాయరే. నిషేధించాలంటే ఆ జోకును అధికారులు ముందు అర్థం చేసుకుని, తమ పుస్తకంలో అచ్చువేసుకోవాల్సి వచ్చింది. ఒక మాట వెనక ఇంకో మాట దాచే విద్య అలాంటి చోటే రాటుదేలుతుంది. అవతలివాడు పట్టుకుంటే, నా ఉద్దేశం అది కాదండీ, మీ మనసే మంచిది కాదు అనొచ్చు.

ఉచ్చారణ దగ్గర ఇంకో సంగతి ఉంది. ఇంగ్లండ్‌లో నోరు తెరిస్తే చాలు, ఏ తరగతి మనిషో చెప్పేస్తారు. హెచ్ మింగేది కింది తరగతి అని వాళ్ల లెక్క. ఆ లెక్కను ఎగతాళి చేస్తూ 1966లో ‘ది ఫ్రాస్ట్ రిపోర్ట్’లో ఒక చిన్న స్కెచ్ వచ్చింది. బార్కర్, కార్బెట్, వాళ్లతో జాన్ క్లీజ్. ముగ్గురూ వరసలో నిలబడతారు. ఆరడుగుల అయిదంగుళాల క్లీజ్ పైతరగతి, బార్కర్ మధ్యతరగతి, అయిదడుగుల చిల్లర కార్బెట్ కింది తరగతి. ఇంగ్లీషులో గౌరవించడమంటే పైకి చూడటం, చిన్నచూపంటే కిందికి చూడటం. ఆ మాటలంటూ వాళ్లు నిజంగానే మెడలు ఎత్తుతారు, దించుతారు. నుడికారాన్ని ఎత్తు కొలిచి చూపించారన్నమాట.

మాటలాట మీద కట్టిన స్కెచ్‌లలో గడియారంలా పనిచేసేది 1980 నాటి ‘మాస్టర్‌మైండ్’. అదే పేరుగల క్విజ్ కార్యక్రమానికి పేరడీ. డేవిడ్ రెన్విక్ రాశాడు. ఇందులో కార్బెట్ ఎంచుకున్న విషయం, ఏ ప్రశ్నకైనా దాని ముందరి ప్రశ్నకు జవాబు చెప్పడం. ప్రశ్నలడిగేది బార్కర్. పద్ధతి తెలియాలంటే తెలుగులో సరదాగా ఒకటి అల్లి చూద్దాం. మొదటి ప్రశ్న: కొబ్బరికాయలో కొబ్బరి తీసేస్తే ఏం మిగులుతుంది? నిబంధన ప్రకారం మౌనం. రెండో ప్రశ్న: ఎన్నికల్లో ఓడిన అభ్యర్థికి ఏం మిగులుతుంది? జవాబు: చిప్ప. మూడో ప్రశ్న: పెళ్లిలో మీ మామగారు మీకేమిచ్చారు? జవాబు: అప్పులు. మూడు ప్రశ్నలకే నా తల తిరిగింది. ఒక జవాబు వెనక్కీ ముందుకూ రెండువైపులా అతకాలి, రెండో అతుకే నవ్వించాలి. రెన్విక్ దాన్ని ఎక్కడా తడబడకుండా బోలెడు ప్రశ్నల దాకా లాగాడు. నటులకూ కత్తిమీద సామే. ఒక్క జవాబు జారిందంటే మొత్తం కూలుతుంది.

క్లీజ్ వెళ్లి చేరిన ‘మాంటీ పైథాన్’ బృందం దారి వేరు. వాళ్ల కార్యక్రమం 1969 అక్టోబర్‌లో మొదలై 1974 దాకా 45 భాగాలు వచ్చింది. పేరుమోసిన చచ్చిన చిలక స్కెచ్ ఆ తొలి డిసెంబర్‌లోదే. కొన్న అరగంటకే చిలక చచ్చి ఉందని క్లీజ్ కొట్టుకు తిరిగొస్తాడు. కొట్టు యజమాని మైకేల్ పేలిన్ ఒప్పుకోడు, పడుకుందంటాడు. అమ్మిన కారులో లోపం ఉందంటే ఒప్పుకోని గ్యారేజీ మనిషి గురించి పేలిన్ చెప్పిన అనుభవం దీనికి మూలం. కారు మారుతూ మారుతూ ఒక దశలో టోస్టరైంది, చిలక చేద్దామన్నది బృందంలోని గ్రాహమ్ చాప్‌మన్. ఇక క్లీజ్ విరుచుకుపడతాడు. చావుకు ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నాయో అన్నీ వరసపెట్టి వదులుతాడు. తెలుగువాళ్లకు ఈ సుఖం చెప్పనక్కర్లేదు. కన్నుమూసింది, పరమపదించింది, కీర్తిశేషురాలైంది, గుటుక్కుమంది, టపా కట్టేసింది, బాల్చీ తన్నేసింది అంటూ ఒక పక్షిని చూపిస్తూ ఊగిపోయే మనిషిని ఊహించుకోండి. పెద్దమనుషుల సంతాపసభ మాట, సందుచివర మాట ఒకే ఊపిరిలో దొర్లుతాయి. నవ్వు అందులో ఉంది.

1990లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ తన పార్టీ మహాసభలో లిబరల్ డెమోక్రాట్ల పక్షి గుర్తును వెక్కిరించడానికి ఈ చిలకనే వాడుకుంది. ఆవిడకు ఆ స్కెచ్ తెలీదు, ఇది నవ్విస్తుందని సిబ్బంది నచ్చజెప్పాల్సి వచ్చిందట. సభ మాత్రం గొల్లుమంది. పైథాన్ బృందం 1970 నాటి ఇంకో స్కెచ్‌లో హోటల్ మెనూలో ప్రతి వంటకంలోనూ స్పామ్ అనే డబ్బా మాంసం ఉంటుంది, ఆ మాట తప్ప ఇంకోటి వినబడకుండా అరుస్తారు. మన మెయిళ్లలో పడే చెత్తకు స్పామ్ అనే పేరు అక్కణ్నించి వచ్చిందే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నేర్పే పైథాన్ భాషకు పాముతో సంబంధం లేదు. దాన్ని తయారుచేసిన గీడో వాన్ రోసమ్ ఈ బృందం పేరే పెట్టాడు.

అన్నీ నిలిచాయని మాత్రం అనను. టూ రోనీస్‌లో ఆడవాళ్ల ఒంటి మీద అల్లిన ద్వంద్వార్థాలు చాలానే ఉన్నాయి, ఇప్పుడు చూస్తే చప్పగా, కొన్నిచోట్ల రోతగా ఉంటాయి. ఆ రోజుల్లోనే ‘నాట్ ద నైన్ ఓ క్లాక్ న్యూస్’ అనే ఇంకో హాస్య కార్యక్రమం కుర్రాళ్లు దీన్ని పట్టుకుని ‘ది టూ నిన్నీస్’, అంటే ఇద్దరు మొద్దులు, అని వెక్కిరించారు. బార్కర్ నొచ్చుకున్నాడు. కానీ కుర్రాళ్లు అన్నదాంట్లో నిజముంది. హార్డ్‌వేర్ షాపు స్కెచ్ ముగింపు కూడా ఆ బాపతు మాటే. అది బార్కర్‌కే పూర్తిగా నచ్చలేదు. ఆ వెక్కిరించిన కుర్రాళ్లలో రోవన్ అట్కిన్సన్ ఒకడు. మిస్టర్ బీన్‌గా మాట్లాడకుండా మన పిల్లల్ని నవ్వించిన ఆయన అక్కడ చదువుకున్న గొరిల్లా వేషంలో ఒక్క మాటతో నవ్వించాడు. ప్రొఫెసర్ ఈ జంతువును పట్టుకున్నప్పుడు ‘వైల్డ్’ అంటాడు, అడవిదని ఆయన ఉద్దేశం. ఆ మాటకు ఒళ్లు మండిపోయిందనే అర్థం కూడా ఉంది. గొరిల్లా ఆ రెండోది పట్టుకుని, మండిపోవడమేమిటి, నిప్పులు తొక్కాను అన్న ధోరణిలో సరిదిద్దుతుంది.

ఇవన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. చూసేవాళ్లకు ఒక్క మాట: సబ్‌టైటిల్స్ పెట్టకండి. బ్రిటిష్ యాస అందదేమోనని మనవాళ్లం మొదట నొక్కేది ఆ మీటే. హార్డ్‌వేర్ షాపులో బార్కర్ నోరు తెరవగానే ఆ అక్షరాలు రాసేవాడు ఏదో ఒకటి తేల్చుకోవాలి, కొవ్వొత్తులా, పిడులా. పిడులని రాస్తే గుట్టు ముందే రట్టవుతుంది. కొవ్వొత్తులని రాస్తే అబద్ధమవుతుంది. అక్కడ మూడో స్పెల్లింగు లేదు.