కర్నూలు, కడపలో ఫ్రీ టీవీకి ఏ బాక్స్ కొనాలి? ‘టీ2’ కాదు, ‘ఎస్2’!

ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో ‘ఫ్రీ టీవీ బాక్స్’ అని కొట్టి చూడండి. ‘డిజిటల్ ట్యూనర్, నెల బిల్లు లేదు, యాంటెన్నా పెడితే చాలు, ఫుల్ హెచ్‌డీ’ అంటూ వెయ్యి, పదిహేను వందల్లో బోలెడు బాక్సులు కనిపిస్తాయి. ఫోటోలో టీవీ, పక్కన చిన్న యాంటెన్నా, సోఫాలో నవ్వుతున్న కుటుంబం. కర్నూల్లోనో కడపలోనో ఉండి ఆ బాక్స్ ఆర్డర్ పెట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఆ పని నేను ఆల్రెడీ చేసేశాను.

మా అవ్వ బేతంచెర్ల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. కేబుల్‌కి నెలకు మూడొందలు కడుతుంది, అంటే ఏడాదికి 3,600. పింఛను మీద బతికే మనిషికి అది చిన్న లెక్క కాదు. మిద్దె మీద పాత దూరదర్శన్ యాంటెన్నా ఇంకా అట్లే నిలబడి ఉంది. దానికి ఈ డిజిటల్ బాక్స్ తగిలిస్తే పని అయిపోతుంది అనుకున్నా. బాక్స్ వచ్చింది, వైర్ పెట్టాను, ఆటో స్కాన్ నొక్కాను. సున్నా ఛానళ్లు. యాంటెన్నా తిప్పి మళ్లీ స్కాన్ చేశా, మళ్లీ సున్నా. “ఏం నాయనా, ఇంతసేపు ఎండలో నిలబడినావు, ఇంగా బొమ్మ రాలేదా?” అని కింద నుంచి అవ్వ.

బాక్స్‌లో లోపం ఏమీ లేదు. అది పట్టుకోవాల్సిన సిగ్నల్ ఇక్కడి గాలిలోనే లేదు.

టీ2 అంటే ఏంటి, ఎస్2 అంటే ఏంటి?

బాక్స్ అట్ట మీద చిన్న అక్షరాల్లో డీవీబీ-టీ2 అనో, డీవీబీ-ఎస్2 అనో ఉంటుంది. డీవీబీ అనేది డిజిటల్ టీవీ ప్రసారాల స్టాండర్డ్. చివర్లో ఉన్న ‘టీ’ అంటే టెరెస్ట్రియల్: నేల మీద టవర్ కట్టి, అక్కడి నుంచి పంపే సిగ్నల్. ‘ఎస్’ అంటే శాటిలైట్. టీ2 బాక్స్‌కి చేపముల్లు లాంటి యాంటెన్నా కావాలి, ఎస్2 బాక్స్‌కి డిష్ కావాలి. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో మారేది కూడా కాదు, లోపల ట్యూనర్ చిప్, అది వెతికే ఫ్రీక్వెన్సీలు అన్నీ వేరు.

బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో టవర్ నుంచి వచ్చే డిజిటల్ టీవీ ఇప్పటికీ బాగా నడుస్తోంది. అక్కడ ఈ ట్యూనర్ బాక్సులకు అర్థం ఉంది. మన దగ్గర దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో టీ2 ప్రసారాలు మొదలుపెట్టింది. చెన్నై, బెంగళూరు, ముంబై, ఢిల్లీ ఆ లిస్టులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్క ఊరు కూడా లేదు. బెంగళూరు టవర్ సిగ్నల్ కర్నూలు దాకా రాదు, మధ్యలో మూడొందల యాభై కిలోమీటర్లు ఉంది.

మరి పాత అనలాగ్ టవర్లు? 2022 మార్చి కల్లా దూరదర్శన్ వాటిని దాదాపు అన్నీ ఆపేసింది. సరిహద్దుల్లాంటి వ్యూహాత్మక ప్రాంతాల్లో ఓ యాభై వరకు మాత్రమే ఉంచింది. కాబట్టి మన మిద్దెల మీద మిగిలిన యాంటెన్నాలు ఇప్పుడు కాకులు వాలడానికే.

అయితే ఫ్రీ టీవీ లేదా? ఉంది, పైనుంచి వస్తుంది

దాని పేరు డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్లో ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ పేరుతో 33 ఛానళ్లతో మొదలైంది. ప్రసార భారతి నడుపుతోంది. నెల బిల్లు లేదు, రీఛార్జ్ లేదు, కస్టమర్ ఐడీ లేదు. డిష్, బాక్స్, వైర్ కలిపి ఒక్కసారి పదిహేను వందల నుంచి రెండు వేల దాకా ఖర్చు పెడితే ఆ తర్వాత పైసా కట్టక్కర్లేదు. ప్రైవేట్ ఛానళ్లు ఇందులో చోటు కోసం ప్రసార భారతి పెట్టే వేలంలో కోట్లు కడతాయి. చూసేవాడి దగ్గర డబ్బు ఎందుకు అడగరు అంటే జవాబు అదే, మన తరఫున యాడ్స్ కట్టేస్తున్నాయి.

సిగ్నల్ వచ్చేది జీశాట్-15 నుంచి. 2015 నవంబర్లో ఏరియన్ రాకెట్ మీద వెళ్లిన ఇస్రో ఉపగ్రహం. భూమధ్యరేఖ పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలబడి ఉంటుంది.

కొనే ముందు మీ టీవీ వెనక ఒకసారి చూడండి. కొన్ని కొత్త టీవీల్లో ఎస్2 ట్యూనర్ లోపలే ఉంటుంది. ‘ఎల్‌ఎన్‌బీ ఇన్’ అని రాసి, మరలు తిరిగిన గుండ్రటి సాకెట్ కనబడితే మీకు బాక్సే అక్కర్లేదు, డిష్ వైర్ నేరుగా దానికే. మామూలు యాంటెన్నా సాకెట్ నున్నగా ఉంటుంది, మరలు ఉండవు, రెండూ కలిపేసుకోకండి. ఇలాంటి టీవీల కోసం బీఐఎస్ 2022లో ఒక స్టాండర్డ్ కూడా తెచ్చింది, ఐఎస్ 18112. అయినా షోరూంలో సేల్స్‌మన్‌ని అడిగితే ‘ఓటీటీ అన్నీ వస్తాయి సార్’ అంటాడు తప్ప ఈ సాకెట్ సంగతి చెప్పడు.

బాక్స్ కొంటే ఎంపెగ్-4 సపోర్ట్ చేసేదే కొనండి. పాత ఎంపెగ్-2 బాక్సులు నాలుగైదు వందలకే దొరుకుతాయి, కానీ ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానళ్లు ఎంపెగ్-4లో వస్తాయి. అవి పాత బాక్స్‌కి అసలు కనబడవు.

డిష్ ఎటు తిప్పాలి? అంతా ఆగ్నేయం మహిమ

యూట్యూబ్‌లో ఉన్న హిందీ వీడియోలు చూసి ఢిల్లీ లెక్కతో డిష్ పెడితే మన దగ్గర కుదరదు. ఊరు మారితే కోణం మారుతుంది. మన రెండు ఊర్లకూ లెక్క వేసి చూశాను.

కర్నూలు: కంపాస్‌లో దాదాపు 135 డిగ్రీలు, ఎత్తు 64 డిగ్రీలు.
కడప: కంపాస్‌లో దాదాపు 134 డిగ్రీలు, ఎత్తు 66 డిగ్రీలు.

135 అంటే కచ్చితంగా ఆగ్నేయం. వాస్తు ప్రకారం కట్టిన ఇల్లైతే వంటగది మూల ఎటుందో అటు చూపిస్తే సగం పని అయినట్టే. ఫోన్ కంపాస్ చాలు, మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ. కానీ ఫోన్‌ని డిష్‌కి ఆనించి చూడకండి. ఇనుము పక్కన కంపాస్ అబద్ధం చెబుతుంది. పిల్లర్ల కోసం వదిలేసిన కమ్ములున్న చోట కూడా అంతే. రెండు మూడు అడుగులు దూరం జరిగి దిక్కు చూసుకుని, ఆ దిక్కులో ఒక చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకోండి.

ఇక ఎత్తు. 64 డిగ్రీలు అన్నాను కదా అని డిష్‌ని ఆకాశం వైపు పూర్తిగా వెల్లకిలా పడేయకండి. మనకు దొరికే డిష్‌లు ఆఫ్‌సెట్ రకం, సిగ్నల్‌ని పైనుంచి ఓరగా అందుకుంటాయి. వెనక బ్రాకెట్ మీద గీతలుంటే దాన్ని నమ్మండి, ఆ ఆఫ్‌సెట్ అందులో కలిపే ఉంటుంది. గీతలు లేకపోతే డిష్ నిలువుగా ఉన్న స్థితి నుంచి సుమారు 40 డిగ్రీలు వెనక్కి వాలేలా పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుంది, ఒక కర్రని డిష్ పై అంచు నుంచి కింది అంచుకు ఆనించి, దాని మీద ఫోన్ పెట్టి చూడొచ్చు.

ఇంకో కిటుకు ఉంది, దీనికి యాప్ కూడా అక్కర్లేదు. మార్చి 13, సెప్టెంబర్ 30 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహం వెనకకు వస్తాడు. మార్చిలో ఉదయం 11:15 అప్పుడు, సెప్టెంబర్లో 11కు ఓ ఐదు నిమిషాల ముందు. ఆ సమయానికి మిద్దె ఎక్కి చూస్తే ఎండ ఎటు నుంచి పడుతుందో అదే మీ డిష్ చూడాల్సిన చోటు. మధ్యలో టెంకాయ చెట్టో వాటర్ ట్యాంకో అడ్డం వస్తుందా లేదా అన్నది నీడ చూస్తే తెలిసిపోతుంది. ఆ రోజుల్లో అదే సమయానికి టీవీ కొన్ని నిమిషాలు ఆగిపోతే కంగారు పడకండి. సూర్యుడి రొద ఉపగ్రహం సిగ్నల్‌ని మింగేస్తుంది, దానంతట అదే వచ్చేస్తుంది.

బాక్స్ మెనూలో ఎల్‌ఎన్‌బీ రకం ‘యూనివర్సల్ 9750/10600’ పెట్టండి. ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేట్ 29500 ఇచ్చి క్వాలిటీ బార్ చూడండి. స్ట్రెంగ్త్ బార్ కాదు, క్వాలిటీ బార్! స్ట్రెంగ్త్ అనేది వైర్ తగిలిస్తేనే వచ్చేస్తుంది, దాన్ని చూసి మోసపోతారు. డిష్‌ని ఒక్కో డిగ్రీ కదిపి, మూడు సెకన్లు ఆగి, మళ్లీ కదపండి. బాక్స్‌కి సిగ్నల్ గుర్తుపట్టడానికి టైం పడుతుంది, సర్రున తిప్పితే దాటిపోతుంది. క్వాలిటీ వచ్చాక ఎల్‌ఎన్‌బీని దాని క్లిప్‌లోనే అటూ ఇటూ మెల్లగా తిప్పండి. ఉపగ్రహం మనకు నేరు దక్షిణాన లేదు కాబట్టి దాని ‘వర్టికల్’ సిగ్నల్ మన దగ్గరికి వంకరగా వస్తుంది. చాలామంది ఈ ఒక్కటి వదిలేసి ‘సగం ఛానళ్లే వస్తున్నాయి’ అంటారు.

ఇంట్లో వాడని పాత ప్రైవేట్ డిష్ ఉంటే? సన్ డైరెక్ట్ కూడా 93.5 దగ్గరి నుంచే వస్తుంది కాబట్టి ఆ డిష్ కదపకుండా ముందు బాక్స్ మార్చి స్కాన్ చేసి చూడండి. డిష్ టీవీది 95 డిగ్రీలు, కొంచెం జరిపితే చాలు. టాటా ప్లే 83, ఎయిర్‌టెల్ 108 దగ్గర ఉంటాయి, వాటిని మొదటి నుంచి తిప్పుకోవాల్సిందే.

మన వైపు ఇళ్లకు సంబంధించి ఒక మాట. మట్టి మిద్దె మీదా, బండలు పరిచిన మిద్దె మీదా డ్రిల్ పెట్టకండి. బండ చీలుతుంది, వానకు ఇల్లు కారుతుంది. డిష్ స్టాండ్ కాళ్ల మీద నాలుగు బండ ముక్కలు బరువుగా పేర్చితే సరిపోతుంది, బేతంచెర్లలో బండలకు కొదవా! కానీ బరువు బాగా ఉండాలి. ఆషాఢం గాలి మామూలుగా ఉండదు, రెండు డిగ్రీలు కదిలినా బొమ్మ పోతుంది. వానకు సిగ్నల్ పోయే సమస్య కోస్తా వాళ్లతో పోలిస్తే మనకు తక్కువే. ఇది మాత్రం కరువు సీమకు దక్కిన లాభం.

ఏం వస్తాయి, ఏం రావు

ఇక్కడ నిజం చెప్పాలి. ఏపీకి డీడీ సప్తగిరి, తెలంగాణకు డీడీ యాదగిరి వస్తాయి. డీడీ న్యూస్, డీడీ స్పోర్ట్స్, డీడీ కిసాన్, పాఠాల ఛానళ్లు, ఆకాశవాణి రేడియోలు వస్తాయి. ప్రైవేట్ ఛానళ్లలో ఎక్కువ భాగం హిందీ. స్టార్ మా, జీ తెలుగు లాంటివి పే ఛానళ్లు, అవి దీంట్లో రావు. ఇంట్లో రాత్రి ఏడు నుంచి పది దాకా సీరియళ్లు నడుస్తాయంటే, కేబుల్ తీసేసి ఇది పెడితే మీ మీద తిరుగుబాటు ఖాయం.

క్రికెట్ విషయంలో మాత్రం కేబుల్ కంటే ఇదే మేలు. దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని హక్కులున్న ఛానల్ దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007 చట్టం చెబుతుంది. అయితే ఆ సిగ్నల్‌ని దూరదర్శన్ తన టవర్ల మీద, ఫ్రీ డిష్ మీద మాత్రమే చూపాలి, కేబుల్‌కీ ప్రైవేట్ డీటీహెచ్‌కీ ఇవ్వకూడదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కేబుల్‌లో డీడీ స్పోర్ట్స్ పెట్టినా ఇండియా మ్యాచ్ రాకపోవడానికి కారణం ఇదే. టవర్లు పోయాయి కాబట్టి మన ఊర్లలో ఆ మ్యాచ్ టీవీలో ఉచితంగా చూసే దారి ఫ్రీ డిష్ ఒక్కటే. ఐపీఎల్ ఈ కోవలోకి రాదు, ఆశ పెట్టుకోకండి.

ఇంట్లో మంచి ఇంటర్నెట్ ఉంటే డిష్ అక్కర్లేకుండా ప్రసార భారతి 2024 నవంబర్లో తెచ్చిన వేవ్స్ యాప్‌లో డీడీ ఛానళ్లు చూడొచ్చు. మా అవ్వ ఊర్లో ఫోన్ సిగ్నల్ కోసమే మిద్దె ఎక్కాలి, ఆ మాట అక్కడ చెప్పలేను.

డిష్ పెట్టి వారం చూశాక అవ్వ అడిగిన ప్రశ్న ఒకటే: “నా సీరియల్ యాడికి పోయింది రా?” కాబట్టి కేబుల్ తీయలేదు. కేబుల్ అబ్బాయితో మాట్లాడి, ఎప్పుడూ చూడని ప్యాక్‌లు తీసేసి బిల్లు తగ్గించాం. ఫ్రీ డిష్ బాక్స్ మా మామ తోట కొట్టంలోకి వెళ్లింది. అది 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచేది. చిన్న టీవీకి, దానికి కలిపి సోలార్ బ్యాటరీ సరిపోతోంది. ఇండియా మ్యాచ్ ఉన్న రోజు ఆ కొట్టంలో కూర్చోడానికి చోటు దొరకదు.

ఇంతకీ ఆ టీ2 బాక్స్? రిటర్న్ గడువు అయిపోయింది. దానికి యూఎస్‌బీ పోర్ట్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో పాత సినిమాలు వేసి ఇచ్చాను. అవ్వ మధ్యాహ్నాలు అవి చూస్తోంది.