కలుపు కింద రంగుల పటం

రోజమండ్ వాలింగర్‌కు 1984 నాటికి తోటపనిలో ఓనమాలు రావు. ఇంగ్లండ్‌లోని అప్టన్ గ్రే గ్రామంలో ఆమె, భర్త కొన్న ఇంటి చుట్టూ ఉన్నది తోటో, అడవో చెప్పడం కష్టం. ఆరా తీస్తే అది 1908లో గెర్‌ట్రూడ్ జెకిల్ రూపొందించినదని తేలింది. చిక్కు అక్కడే: ఇక ఇష్టమొచ్చినట్టు నాటే వీల్లేదు. ప్లాన్లేమో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. నకళ్లు తెప్పించుకుని పనికి దిగారు.

బహువార్షిక పూలమొక్కల తంటా వేరు. కలుపు వేళ్లు వాటి దుబ్బుల్లోకే చొరబడతాయి. పైపైన పీకితే నెలకే మళ్లీ మొలుస్తాయి. తవ్వి, వేళ్లు కడిగి, దుబ్బు చీల్చి, అంచుల్లోని లేత పిలకలనే తిరిగి నాటాలి.

జెకిల్ చిత్రకళ చదివిన మనిషి. మడి కొసల్లో నీలం, తెలుపు. నడిమికొచ్చేసరికి నారింజ, నిప్పులాంటి ఎరుపు. ఆమె వేసిన సుమారు 400 తోటల్లో చాలావరకు చెరిగిపోయాయి. ఇది మాత్రం దాదాపు కాగితం మీదున్నట్టే మళ్లీ పూసింది, అదీ కొత్త చేతుల్లో.